డబుల్ బాస్: ఏది కొనాలి, సెటప్ ఎలా చేయించాలి, ఆంప్‌లోకి ఎలా తేవాలి

డబుల్ బాస్, అంటే వయొలిన్ ఆకారంలో ఉండి నిలబెట్టి వాయించే పెద్ద వాయిద్యం, దాని గురించి అడిగేవాళ్ళు మనవాళ్ళలో ఎక్కువగా రెండు రకాలు కనిపిస్తారు. ఒకళ్ళు అమెరికాలో ఉండే అమ్మానాన్నలు, పిల్లాడో పిల్లో స్కూల్ ఆర్కెస్ట్రాలో బాస్ ఎంచుకుంది, ఇంత పెద్దదాన్ని ఏం చూసి తీసుకోవాలి అని. ఇంకొకళ్ళు హైదరాబాదులోనో బెంగళూరులోనో బాస్ గిటార్ వాయిస్తూ వాయిస్తూ జాజ్ వైపు మళ్ళినవాళ్ళు. ఇద్దరూ ముందు అడిగేది బ్రాండ్ పేరు, తర్వాత పికప్ (తీగల శబ్దాన్ని పట్టి ఆంప్‌కి పంపే పరికరం) పేరు. సెటప్ మాట, అంటే తీగ ఎత్తూ బ్రిడ్జీ లాంటివన్నీ వాయించేవాళ్ళకి తగ్గట్టు సరిచేయించడం, ఎవరూ ఎత్తరు. అందుకే ముందే చెప్పేస్తున్నా, మీ దగ్గర ఉన్న మొత్తంలో కొంత సెటప్‌కి అని పక్కన పెట్టేయండి, మిగిలినదాంట్లో బాస్ కొనండి, ఆంప్ సంగతి ఆఖర్న చూద్దాం. ఈ వరస తిరగబడితే ఎంత ఖరీదైన పికప్ పెట్టినా లోపల ఉన్న గరగరే పెద్దగా వినిపిస్తది.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఈ వాయిద్యంలో అన్నిటికన్నా కింది స్వరం తీగ ఈ (E), సెకనుకి దాదాపు 41 సార్లు ఊగుతుంది, తర్వాత ఏ (A) 55, డీ (D) 73, జీ (G) 98. ఇంత నెమ్మదిగా ఊగే లావుపాటి తీగకి చోటు చాలా కావాలి. ఆ చోటు తక్కువైతే ఫింగర్‌బోర్డుకి (వేళ్ళతో తీగ నొక్కే పొడవాటి పలక) కొట్టుకుంటది, ఎక్కువైతే మీ ఎడమచేతి వేళ్ళు నాలుగు పాటలకే పడిపోతాయి. నాలుగు తీగల బిగువు కలిపితే వంద కిలోలకి పైనే, అందులో కొంత భాగం బ్రిడ్జ్ (తీగల్ని ఎత్తి పట్టే చెక్క) రెండు కాళ్ళ మీదుగా పైచెక్క మీదకి దిగుతుంది కాబట్టి మిల్లీమీటరు తేడా కూడా చేతికి తెలుస్తది, చెవికీ తెలుస్తది.

మనకి ఇది కొత్త శబ్దమేం కాదు. తెలుగు పాటలు మద్రాసు స్టూడియోల్లో రికార్డయిన రోజుల్లో వయొలిన్ల గుంపు కింద డబుల్ బాస్ ఉండేది, అది ఉందని తెలియకుండానే విన్నాం. ఇప్పుడు ముంబయిలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కచేరీకి వెళ్తే వరసగా నిలబెట్టి ఉన్నవి కళ్ళారా చూడొచ్చు. కుదిరితే కొనేముందు ఒక్కసారైనా మైక్ లేకుండా, గదిలో దగ్గర్నుంచి వినండి. ఏ శబ్దం కోసం డబ్బు పెడుతున్నారో చెవిలో ఉండాలి.

మొదటి అడుగు: సైజు

సైజుల పేర్లు కంగారు పెడతాయి. పెద్దవాళ్ళు వాయించే మామూలు బాస్ పేరు త్రీ ఫోర్త్, అంటే 3/4. ముప్పావు సైజు అనగానే చిన్నపిల్లలది అనుకుని 4/4 కోసం వెతకొద్దు, ప్రపంచంలో జాజ్ వాయించేవాళ్ళలో చాలామందివీ, ఆర్కెస్ట్రాల్లో చాలామందివీ 3/4 బాసులే. చూడాల్సింది నట్ (మెడ పైచివర తీగలు ఆనే చిన్న ముక్క) నుంచి బ్రిడ్జ్ దాకా ఊగే తీగ పొడవు. 3/4లో అది దాదాపు 41 నుంచి 42 అంగుళాలు, అంటే 104 నుంచి 107 సెంటీమీటర్లు. మీ బాస్ గిటార్‌లో సాధారణంగా 34 అంగుళాలు, కాబట్టి తేడా ఎంతో ఊహించుకోండి. 43 అంగుళాలు దాటినవి చిన్న చేతులకి కష్టం, బాడీ ఎంత అందంగా ఉన్నా వద్దు.

పిల్లలకైతే 1/4, 1/2 సైజులు ఉంటాయి, హాఫ్ సైజు తీగ పొడవు 38 అంగుళాల దగ్గర ఉంటది. ఎదిగే పిల్లలకి కొనొద్దు, అద్దెకి తీసుకోండి. అమెరికాలో వయొలిన్ షాపులు నెలవారీ అద్దెకి ఇస్తాయి, చాలా స్కూళ్ళు ఒకటి స్కూల్లో వాడుకోనిస్తాయి, ఇంట్లో సాధనకి ఇంకోటి అద్దెకి తెచ్చుకుంటే రోజూ బస్సులో మోసే బాధ తప్పుతుంది. పిల్లలు ఎడమచేతి మొదటి వేలికీ చిటికెన వేలికీ మధ్య ఒక పూర్తి స్వరం దూరం నొప్పి లేకుండా పట్టగలగాలి, టీచర్ ఎదురుగా పట్టించి చూడండి. పొడవు కన్నా ఇదే అసలు కొలత.

మెడ విషయం ఒకటి గమనించండి. మెడ బాడీతో కలిసేచోట బొటనవేలు ఆగిపోతుంది కదా, అక్కడ జీ తీగ మీద మొదటి వేలు సహజంగా డీ మీద పడితే దాన్ని డీ నెక్ అంటారు, ఈ ఫ్లాట్ (E♭) మీద పడితే ఈ ఫ్లాట్ నెక్. రెండూ తప్పు కాదు. అయితే ఒకదానికి అలవాటు పడ్డాక రెండోది తీసుకుంటే పైకి వెళ్ళినప్పుడల్లా స్వరం తప్పుతుంది. నేర్చుకునేవాళ్ళకి డీ నెక్ ఎక్కువగా దొరుకుతుంది, మీ టీచర్ బాస్ ఏదో అదే తీసుకోవడం తేలిక.

రెండో అడుగు: చెక్క

మూడు రకాలు. మొత్తం ప్లైవుడ్, అంటే లామినేట్. పైచెక్క మాత్రం అసలు స్ప్రూస్ చెక్కి, వెనకా పక్కలూ లామినేట్ పెట్టినది హైబ్రిడ్. మొత్తం చెక్కినది కార్వ్‌డ్, అంటే పైన స్ప్రూస్, వెనకా పక్కలా మేపుల్.

ప్లైవుడ్ అనగానే ముఖం చిట్లించొద్దు. షికాగోలో కే కంపెనీ 1930ల చివర్లోంచి చేసిన ప్లైవుడ్ బాసులు ఇప్పటికీ పాతవి కొనుక్కుని వాయిస్తున్నారు, పాత అమెరికన్ స్వింగ్, బ్లూగ్రాస్, రాకబిల్లీలో ఆ శబ్దమే కావాలి. లామినేట్‌లో వేలితో మీటిన దెబ్బ ముందు గట్టిగా వచ్చి తర్వాత త్వరగా తగ్గుతుంది. కమానుతో వాయిస్తే కొంచెం మూసుకుపోయినట్టు ఉంటది. కార్వ్‌డ్ అయితే స్వరం విచ్చుకుంటుంది, నిలబడుతుంది, కమానుకి పలుకుతుంది. ఆర్కెస్ట్రా ఆడిషన్లకి పోయే పిల్లలకి చివరికి కార్వ్‌డ్ కావాల్సిందే.

హైదరాబాదులో ఉండేవాళ్ళకి నేనైతే లామినేట్, లేదా మంచి హైబ్రిడ్ చెప్తా. మేలో ఎండకి గాలి ఎండిపోతుంది, జులైలో తేమ ఒక్కసారిగా పెరుగుతుంది, రాత్రంతా ఏసీ వేసి పొద్దున ఆపేస్తాం, ఇదంతా చెక్కిన పలుచటి స్ప్రూస్‌కి పరీక్షే. విశాఖలో, కాకినాడలో అయితే ఏడాది పొడుగునా తేమే. పైగా చీలిక వస్తే బాగుచేసేవాళ్ళు దగ్గర్లో దొరకడం కష్టం. న్యూజెర్సీ, షికాగో వైపు ఉన్నవాళ్ళకి తిరగేసి చలికాలం హీటరు వల్ల ఇల్లు ఎడారిలా ఎండిపోతుంది, కార్వ్‌డ్ బాస్ కొంటే గదిలో హ్యుమిడిఫయర్ కూడా కొన్నట్టే లెక్కేసుకోండి.

రేట్లు చెప్పమంటే అమెరికాలో సెటప్ చేసి ఇచ్చే కొత్త లామినేట్ రెండు మూడు వేల డాలర్ల మధ్య, హైబ్రిడ్ దానికి పైన, కార్వ్‌డ్ ఐదారు వేలు దాటాక, అటు పైన హద్దు లేదు. చైనాలో తయారయ్యే షెన్, ఈస్ట్‌మన్, రొమేనియాలోని రెగిన్ నుంచి వచ్చే గ్లిగా, ఇవి టీచర్ల నోట తరచుగా వినిపించే పేర్లు. ఆన్‌లైన్లో ఆరేడు వందల డాలర్లకి కమాను, కవరు, రోజిన్ (కమానుకి రాసే బంక) అన్నీ కలిపి వచ్చేవి కూడా ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. ఫింగర్‌బోర్డు ఎబొనీ బదులు నల్లరంగు వేసిన మెత్తటి చెక్క, చదును లేదు, బ్రిడ్జ్ కాళ్ళు ఆనవు. బాగు చేయించడానికి దాని ఖరీదు కన్నా ఎక్కువ అవుతుంది.

మూడో అడుగు: కొనేముందు చేతులతో చూడ్డం

ఇది పాతది కొనేవాళ్ళకి మరీ ముఖ్యం. ముందు బాస్‌ని వెలుతురులోకి తెచ్చి పైచెక్కని పక్కనుంచి చూడండి, బ్రిడ్జ్ కింద గుంట పడిందా అని. బ్రిడ్జ్ జీ కాలు వెనకాల లోపల సౌండ్‌పోస్ట్ అనే కర్ర నిలబడి ఉంటది, జిగురు ఉండదు, బిగువుతోనే నిలుస్తది, పైచెక్కకీ వెనక చెక్కకీ మధ్య. ఈ (E) తీగ వైపు కాలు కింద లోపల పొడుగ్గా అతికించి ఉండేది బాస్‌బార్. ఈ రెండు చోట్లా చీలిక ఉంటే రిపేరు ఖరీదు ఎక్కువ, మంచిగా చేసిన పాత రిపేరు అయితే ఫర్వాలేదు, కొత్త చీలిక అయితే లూథియర్, అంటే ఈ వాయిద్యాలు చేసి బాగుచేసే మనిషి, చూడందే డబ్బు ఇవ్వొద్దు.

తర్వాత పిడికిలి వేళ్ళతో అంచుల చుట్టూ మెల్లగా కొట్టుకుంటూ పోండి. ఎక్కడైనా గలగలమంటే అతుకు ఊడింది, ఇది భయపడే విషయం కాదు. ఈ వాయిద్యాలకి వాడే జంతుచర్మపు జిగురు కావాలనే వీడేలా ఉంటది, చెక్క ముడుచుకున్నప్పుడు చెక్క పగలకుండా అతుకు వీడుతుంది, మళ్ళీ అతికించుకోవచ్చు. ప్లైవుడ్‌లో అయితే పొరలు విడిపోయాయా చూడండి, అది మాత్రం తలనొప్పి.

మెడ దగ్గర అతుకు కదులుతుందా, తల దగ్గర పాత విరుపు ఉందా, బిరడాల పళ్ళు జారుతున్నాయా. ఫింగర్‌బోర్డు మీద ఒక పొడవాటి స్కేలు పెట్టి పక్కనుంచి చూస్తే అలలు ఉన్నాయో లేదో తెలుస్తది. బ్రిడ్జ్ ఎత్తు కూడా చూడండి, మరీ పొట్టిగా ఉండి తీగలు ఇంకా పైనే ఉంటే మెడ ముందుకి వాలిపోయిందన్నమాట, మెడ తీసి మళ్ళీ పెట్టాలి, అది పెద్దపని. బేరం ఆడడానికి ఇంతకన్నా మంచి కారణం ఉండదు, వదిలేసి రావడానికీ ఇదే కారణం.

ఆఖర్న ప్రతి తీగ మీదా ప్రతి సగం స్వరం వాయించండి, నెమ్మదిగా, కమానుతో కూడా. ఎక్కడో ఒకచోట, ఎక్కువగా జీ తీగ మీద ఏ (A) స్వరం చుట్టుపక్కల, శబ్దం గొంతులో అడ్డుపడ్డట్టు వణుకుతుంది. దాన్ని వుల్ఫ్ అంటారు, మంచి బాసుల్లోనూ ఉంటది, బ్రిడ్జ్ కింద తీగ మీద చిన్న ఇత్తడి గొట్టం బిగిస్తే తగ్గుతుంది. దానికోసం బాస్ వదులుకోవద్దు.

నాలుగో అడుగు: సెటప్

ఇక్కడ తొందరపడొద్దు. సెటప్ అంటే ఒక వరస ఉంటది, ఆ వరస తప్పితే చేసిన పని మళ్ళీ చేయాలి. మొదట ఫింగర్‌బోర్డు, తర్వాత నట్, తర్వాత సౌండ్‌పోస్ట్, తర్వాత బ్రిడ్జ్, తర్వాతే తీగలు. ఫింగర్‌బోర్డు, పోస్ట్, బ్రిడ్జ్ కోయడం ఇంట్లో చేసే పనులు కావు, లూథియర్‌కి ఇవ్వండి, గిటార్ బాగుచేసే మనిషి ఎంత మంచివాడైనా డబుల్ బాస్ చేసిన అనుభవం ఉందా అని అడగండి. అడ్జస్టర్లతో కొత్త బ్రిడ్జ్ కోసి పెట్టడానికి అమెరికాలో కొన్ని వందల డాలర్లు తీసుకుంటారు, ఫింగర్‌బోర్డు చదునుకి వేరే. అయినా ఆయన ఏం చేస్తున్నాడో మీకు తెలియాలి, ఏం కావాలో అడగడం రావాలి.

ఫింగర్‌బోర్డు పూర్తిగా సమంగా ఉండకూడదు. నట్ నుంచి చివరిదాకా పొడుగునా చాలా కొద్దిగా లోపలికి వంపు ఉండాలి, మధ్యలో ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. తీగ ఊగే బొడ్డు భాగానికి ఆ వంపు చోటిస్తుంది. వంపు లేకపోతే తీగలు ఎంత ఎత్తు పెట్టినా గరగరమంటది, ఎక్కువైతే మధ్యలో నొక్కడం కష్టం. తంబూరాలో జీవాళి దారం జరిపి కావాలనే తెచ్చుకునే ఆ ఝంకారం లాంటిది జాజ్ బాస్‌లో కూడా కొంచెం ఇష్టపడతారు, స్వరం చివర్లో ఒక గుర్రుమనే శబ్దం, అది ఈ వంపునీ తీగ ఎత్తునీ కలిపి సరిచేస్తేనే వస్తుంది, పాడైన గరగరకీ దీనికీ తేడా ఏంటంటే ఇది అన్ని స్వరాల్లోనూ సమంగా ఉంటది.

నట్ దగ్గర తీగ ఫింగర్‌బోర్డుకి ఎంత దగ్గరగా ఉండాలంటే ఒక విజిటింగ్ కార్డు దూరి కదిలేంత. కొత్త చవక బాసుల్లో ఇక్కడ రెండు మూడు రెట్లు ఉంటది, అందుకే పిల్లలకి మొదటి పొజిషన్‌లోనే చేయి నొప్పి, వాళ్ళకి బలం లేదని అనుకుంటారు. నట్‌లో తీగ కూచునే గాళ్ళు (గాడులు) సరిచేయడం తక్కువ ఖర్చుతో అయ్యే పని, ఏ బాస్ అయినా ముందు ఇది చేయించండి. గాళ్ళలో మెత్తటి పెన్సిల్ ముక్క రుద్దితే తీగ శ్రుతి చేసేటప్పుడు జారుతుంది, టకటకమని ఆగదు.

సౌండ్‌పోస్ట్ ఎక్కడుండాలంటే బ్రిడ్జ్ జీ కాలు వెనకాల కొద్ది దూరంలో. రెండు చివర్లూ లోపలి వంపుకి అచ్చంగా ఆనాలి, ఒక అంచు మీద నిలబడితే పైచెక్కని తినేస్తుంది. బ్రిడ్జ్‌కి దగ్గరగా జరిపితే శబ్దం బిగుతుగా, స్పష్టంగా వస్తది, దూరం చేస్తే కొంచెం ముదురుగా, వదులుగా వస్తది, సాధారణంగా. మిల్లీమీటరు చొప్పున జరిపి వినాల్సిందే, ఒక్కో బాస్ ఒక్కోలా స్పందిస్తుంది. లూథియర్ దగ్గరికి వెళ్ళినప్పుడు మీరే అక్కడ కూచుని వాయించి వినండి, వదిలేసి వచ్చి తర్వాత తెచ్చుకోవద్దు.

బ్రిడ్జ్ చూడండి. రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాల లోపలి చిన్న గంట్లని కలుపుతూ గీత గీస్తే ఆ గీత మీద కాళ్ళు ఉండాలి. వెనకవైపు, అంటే టెయిల్‌పీస్ (తీగల కింది చివర్లు పట్టి ఉంచే ముక్క) వైపు ముఖం, పైచెక్కకి నిట్టనిలువుగా ఉండాలి. కాళ్ళ కింద ఒక కాగితం ముక్క కూడా దూరకూడదు. శ్రుతి చేసే ప్రతిసారీ తీగలు బ్రిడ్జ్ పైభాగాన్ని ఫింగర్‌బోర్డు వైపు లాగుతాయి, నెలకోసారైనా పక్కనుంచి చూసి, వాలితే తీగలు కొంచెం వదులు చేసి రెండు చేతులతో మెల్లగా వెనక్కి లాగండి. ఈ ఒక్క అలవాటు లేక బ్రిడ్జిలు వంగిపోతాయి.

కాళ్ళలో తిప్పే చక్రాలు, అంటే అడ్జస్టర్లు, తప్పకుండా వేయించండి. సీజన్‌ని బట్టి పైచెక్క ఉబ్బుతుంది, తగ్గుతుంది, దాంతో తీగ ఎత్తు మారిపోతుంది, అడ్జస్టర్లు ఉంటే మీరే సరిచేసుకోవచ్చు. పైకి లేపాలంటే ముందు తీగలు వదులు చేయండి, రెండు చక్రాలూ సమానంగా తిప్పండి, పావు తిప్పు చొప్పున.

ఎత్తు ఎంత? ఫింగర్‌బోర్డు చివర, అంచుకీ తీగ అడుగుకీ మధ్య కొలవండి. ఉక్కు తీగలతో వేలితో జాజ్ వాయించేవాళ్ళకి జీ 5 నుంచి 6, ఈ 8 నుంచి 9 మిల్లీమీటర్లు బాగుంటది. కమాను ఎక్కువ వాడి గట్టిగా వాయించేవాళ్ళకి ఇంకో మిల్లీమీటరు పైన. గట్ తీగలైతే, అంటే పేగుతో చేసినవి, అవి వెడల్పుగా ఊగుతాయి కాబట్టి జీ 8 పైనే, ఈ 11 దాకా. 1950ల వాళ్ళ రికార్డుల్లో అంత ఎత్తున ఎందుకు పెట్టుకునేవాళ్ళంటే గట్ తీగలు, ఆంప్ లేదు, డ్రమ్స్ పక్కన వినపడాలి. తర్వాత ఉక్కు తీగలూ పికప్‌లూ వచ్చాక ఎత్తు దిగింది, వాయించే వేగం పెరిగింది, స్వరం పొడవు పెరిగింది. మీరు కొత్తగా మొదలుపెడుతుంటే మధ్యలో మొదలుపెట్టి చక్రాలతో మీకు నచ్చినచోటికి తెచ్చుకోండి. మరీ కిందకి దించేస్తే చేయి తేలిగ్గా ఉంటది, శబ్దం చచ్చిపోతుంది.

ఎండ్‌పిన్, అంటే కింది మేకు, ఎంత బయటికి తీయాలో కూడా సెటప్పే. నిలబడి వాయించేవాళ్ళకి నట్ కనుబొమ్మల దగ్గర ఉండేలా పెట్టి చూడండి, కుడిచేయి బ్రిడ్జ్ దగ్గరికి వంగకుండా అందాలి. మార్బుల్, టైల్స్ మీద మేకు జారుతుంది, రబ్బరు మూత ఉంచుకోండి, కింద ఒక చాప వేసుకోండి.

తీగలు

ఉక్కు తీగల్లో వియన్నాలో తయారయ్యే థొమాస్టిక్ స్పిరోకోర్ జాజ్ వాళ్ళకి ఎప్పటినుంచో ఉన్న కొలమానం, కొత్తలో గణగణమని మోగుతాయి, కొన్ని వారాలకి స్థిరపడి ఏళ్ళు నిలుస్తాయి. కమానుకి అంత సులభంగా లొంగవు. రెండూ కావాలంటే డి అడారియో హెలికోర్ హైబ్రిడ్, జర్మనీ పిరాస్ట్రో వాళ్ళ ఎవా పిరాజీ లాంటివి చూడండి. ఆర్కెస్ట్రా పిల్లలకి పిరాస్ట్రో ఫ్లెక్సోకోర్, హెలికోర్ ఆర్కెస్ట్రల్ లాంటివి. పాత బరువైన, పొట్టి స్వరం ఇష్టమైతే గట్ లేదా గట్ లాంటి సింథటిక్. సెట్టు ఖరీదు ఎక్కువే కాబట్టి నెలకో సెట్టు మార్చే పని కాదు, మెత్తగా కావాలంటే అదే కంపెనీలో తక్కువ బిగువు సెట్టు తీసుకోండి.

మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి తీసేస్తే బిగువు పోయి సౌండ్‌పోస్ట్ లోపల పడిపోవచ్చు, అప్పుడు లూథియర్ దగ్గరికి మోసుకెళ్ళాలి, బిగువు ఎక్కించకూడదు.

కమాను గురించి ఒక్క మాట. ఫ్రెంచి కమాను పైనుంచి పట్టేది, జర్మన్ కమాను కిందనుంచి పట్టేది, మీ టీచర్ పట్టే రకమే మీరూ పట్టండి. రోజిన్ మాత్రం బాస్‌ది వేరే ఉంటది, వయొలిన్‌ది పనికిరాదు. పాప్స్ లాంటి మెత్తటి రోజిన్ మన ఎండకి కరిగి డబ్బాలోంచి కారిపోతుంది, అందుకని నిలబెట్టి చల్లటి చోట పెట్టండి, వేసవికి గట్టి రకం ఒకటి వేరే ఉంచుకోండి.

ఐదో అడుగు: కరెంటు

ఇప్పుడొచ్చాం ఆంప్ దగ్గరికి. దీనికి పాత కథే ఉంది. 1940ల్లో ఎవరెట్ హల్ అనే బాస్ వాయిద్యకారుడు ఎండ్‌పిన్ ద్వారా బాస్ కడుపులోకి మైక్ దూర్చి ఆంప్‌కి కలిపాడు, ఆంపెగ్ కంపెనీ అక్కడే మొదలైంది. అప్పటినుంచీ సమస్య ఒకటే, బాస్ పెద్ద ఖాళీ పెట్టె, స్పీకర్లోంచి వచ్చే శబ్దానికి తనే ఊగుతుంది, ఆ ఊపుని పికప్ మళ్ళీ ఆంప్‌కి పంపిస్తుంది, ఊళ, అంటే ఫీడ్‌బ్యాక్, మొదలవుతుంది.

పికప్ ఎక్కువగా పీజో రకమే, అంటే అదురుని కరెంటుగా మార్చేది. ఎక్కడ పెడతామో దాన్నిబట్టే శబ్దం. ఫిష్‌మన్ ఫుల్ సర్కిల్ బ్రిడ్జ్ అడ్జస్టర్ చక్రం స్థానంలో కూచుంటుంది, స్పష్టంగా, సమంగా ఉంటది, వేదిక మీద నమ్మొచ్చు. డేవిడ్ గేజ్ రియలిస్ట్ ఈ (E) తీగ వైపు బ్రిడ్జ్ కాలి కింద పలుచటి రేకులా పెడతారు, గుండ్రంగా, చెక్క వాసనతో వస్తది, అయితే పైచెక్కకే తగిలి ఉంటది కాబట్టి పెద్ద శబ్దంలో ఊళ త్వరగా వస్తది. అండర్‌వుడ్, కే అండ్ కే బాస్ మాక్స్ బ్రిడ్జ్ రెక్కల చీలికల్లో దూర్చేవి, పెట్టడం తేలిక, బాస్‌కి ఏ మార్పూ అక్కర్లేదు, వేలి దెబ్బ ముందుకొస్తుంది. అద్దె బాస్ అయితే ఇదే రకం పెట్టుకోండి. రెక్కలో మరీ బిగుతుగా దూరిస్తే శబ్దం పలుచబడుతుంది, వదులైతే గరగర, కాగితమో పలుచటి చెక్కముక్కో పెట్టి సరిచేసుకోవాలి.

ఇక్కడ అందరూ దాటేసే విషయం ఇంపీడెన్స్, అంటే పికప్‌కి ఎదురయ్యే విద్యుత్ నిరోధం. పీజో పికప్‌కి ఎదురుగా కనీసం ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉండాలి, కొన్నిటికి పది దాకా అడుగుతారు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ పదివేల ఓమ్‌ల దగ్గర ఉంటది, నేరుగా అందులో గుచ్చితే కింద స్వరాలు పోయి ముక్కుతో పాడినట్టు వస్తది, జనం పికప్‌ని తిడతారు. మధ్యలో పీజో కోసం చేసిన ప్రీఆంప్ పెట్టండి. ఎల్ ఆర్ బ్యాగ్స్ పారా డీఐ, ఫిష్‌మన్ ప్లాటినమ్ ప్రో, రేడియల్ పీజెడ్ ప్రీ, ఇలాంటివి. కొనేటప్పుడు మూడు బటన్లు ఉన్నాయా చూడండి: హై పాస్ ఫిల్టర్ (మరీ కింది శబ్దాన్ని కోసేది), ఫేజ్ (శబ్ద తరంగాన్ని తిరగేసేది), నాచ్ (ఒక్కచోట సన్నగా కోసేది). రంగురంగుల ఎఫెక్టులు లేకపోయినా ఈ మూడు ఉండాలి.

వాటిని వాడే వరస ఇది. అన్ని ఈక్యూలూ (బాస్, ట్రెబుల్ లాంటి నాబ్‌లు) మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. హై పాస్‌ని 35, 40 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, పెద్ద హాల్లో ఇంకా పైకి జరపండి. ఈ (E) తీగ 41 అయితే దాన్నే కోసేస్తామా అని భయం వద్దు, ఆ స్వరంలో మన చెవికి తెలిసేది ఎక్కువగా పైన 82, 123 దగ్గర ఉంటది, కింద కోసేది చేతి తాకిడి, వేదిక అదురు, స్పీకర్ ఊరికే ఊగడం. తర్వాత మెల్లగా శబ్దం పెంచుతూ పోండి, ఊళ రాబోతుంది అనిపించినచోట ఫేజ్ బటన్ నొక్కండి, రెంటిలో ఏది నిబ్బరంగా ఉంటే అది ఉంచండి. వేదిక మీద మీరు నిలబడే చోటు మారితే ఇది కూడా మారిపోవచ్చు. ఇంకా ఒక స్వరం దగ్గరే ఊళ వస్తుంటే, ఎక్కువగా జీ, ఏ చుట్టుపక్కల 100 హెర్ట్జ్ దగ్గర ఉంటది, అక్కడ నాచ్‌తో సన్నగా కోయండి. పీజో గీరుడు శబ్దం వెయ్యి హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గిస్తే పోతుంది. బాస్ నాబ్ పెంచడం మాత్రం ఆఖరి పని, అసలు చేయకపోయినా మంచిదే.

ఆంప్ చిన్నది చాలు. క్లబ్బుకి, రెస్టారెంట్ వేదికకి 200, 300 వాట్లు, ఎనిమిదో పదో అంగుళాల మంచి స్పీకరు. గాలియన్ క్రూగర్, ఏఈఆర్, అకూస్టిక్ ఇమేజ్, ఫిల్ జోన్స్, ఇవి డబుల్ బాస్ వాళ్ళ చేతుల్లో ఎక్కువగా కనిపించేవి. మీ బాస్ గిటార్ ఆంప్ ఇప్పటికే ఉంటే ముందు దాంతోనే ప్రీఆంప్ కలిపి చూడండి, చాలాసార్లు సరిపోతుంది.

ఎక్కడ పెడతారన్నది వాట్ల కన్నా ముఖ్యం. ఆంప్ మీ వెనకాల నేరుగా బాస్ వీపుకేసి పెట్టొద్దు, పక్కకి పెట్టి, కుర్చీ మీదో స్టాండ్ మీదో ఎత్తి మీ చెవికి తిప్పండి. చెక్క వేదిక కింద బోలుగా ఉంటే ఎండ్‌పిన్ నుంచి అదురు ఎక్కుతుంది, కింద రబ్బరు మ్యాటో మందపాటి ఫోమో వేయండి. మోనిటర్లో మీ బాస్ వద్దని సౌండ్ ఇంజనీరుకి చెప్పండి, మీ ఆంప్ మీకు చాలు. మరీ పెద్ద శబ్దమైతే ఎఫ్ రంధ్రాల్లో ఫోమ్ ముక్కలు కూడా పెడతారు.

మన ఫంక్షన్ హాళ్ళలో ఇంకో గొడవ, గుయ్యిమని హమ్. ఎర్తింగ్ సరిగ్గా లేని ప్లగ్గులు, జెనరేటర్, లైట్ల డిమ్మర్లు అన్నీ ఒకే లైన్లో. మీ ఆంప్‌నీ మిక్సర్‌నీ ఒకే బోర్డు నుంచి తీసుకోమని అడగండి, డీఐ (మీ శబ్దాన్ని మిక్సర్‌కి పంపే పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు, ప్రాణం పోయే పని.

మైక్ వాడొచ్చా అంటే, డ్రమ్స్ మెల్లగా ఉన్నచోట తప్పకుండా వాడాలి. డీపీఏ 4099 లాంటి చిన్న క్లిప్ మైక్ బ్రిడ్జ్ కిందుగా తీగలకి తగిలించుకుంటే అసలు చెక్క శబ్దం వస్తది. పికప్‌నీ మైక్‌నీ కలిపితే ఇంకా మంచిది, కింది భాగం పికప్ నుంచి, మైక్‌లో 150, 200 హెర్ట్జ్ కింద కోసేసి పైభాగం మాత్రం తీసుకోండి. రెండూ కలిపినప్పుడు శబ్దం పలుచబడితే ఒకదాని ఫేజ్ తిప్పండి. రికార్డింగుకి అయితే పెద్ద డయాఫ్రమ్ కండెన్సర్ మైక్ బ్రిడ్జ్‌కి ఎదురుగా 30 నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో, జీ వైపు ఎఫ్ రంధ్రానికీ బ్రిడ్జ్‌కీ మధ్య గురిపెట్టి మొదలుపెట్టండి. నేరుగా రంధ్రంలోకి గురిపెడితే బూమ్ ఎక్కువ. పికప్ లైను కూడా వేరే ట్రాక్‌లో తీసి ఉంచండి, అవసరమైతే ఉంటది.

అపార్ట్‌మెంట్‌లో ఉండి రాత్రిళ్ళు సాధన చేయాలంటే, లేదా ఎప్పుడూ విమానాల్లో తిరిగేవాళ్ళైతే, యమహా సైలెంట్ బాస్, ఎన్ఎస్ డిజైన్ వాళ్ళ ఎలక్ట్రిక్ అప్‌రైట్ చూడండి, తీగ పొడవు డబుల్ బాస్‌దే కాబట్టి చేయి అలవాటు పోదు. ఫీడ్‌బ్యాక్ కూడా చాలా తక్కువ.

ఆరో అడుగు: ఇంట్లో, దారిలో

గదిలో తేమ కొలిచే చిన్న మీటరు కొని బాస్ పక్కనే పెట్టండి, 40 నుంచి 60 శాతం మధ్య ఉంచగలిగితే చాలు. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. బయటగోడకి ఆనించొద్దు. స్టాండ్ లేకపోతే పక్కకి పడుకోబెట్టండి, గోడ మూలకి నిలబెట్టి వెళ్ళిపోతే ఒక పిల్లి చాలు మెడ విరగడానికి.

ఎండాకాలం కారులో వదిలేసి టిఫిన్‌కి వెళ్ళొద్దు, మూసిన కారు వేడికి జిగురు కరిగి అతుకులన్నీ వీడతాయి. కారులో పెట్టేటప్పుడు బ్రిడ్జ్ మీద బరువు పడకుండా పక్కమీద పడుకోబెట్టండి, తల ముందు సీటు వైపు, మెడ కింద దుప్పటి మడత. ఎండ్‌పిన్ లోపలికి తోసేశారా లేదా ప్రతిసారీ చేత్తో తడిమి చూడండి. విమానంలో మామూలు కవరులో పంపొద్దు, గట్టి ఫ్లైట్ కేసు ఉండాలి, లేదా మెడ ఊడదీసే బాస్ ఉండాలి, టికెట్ కొనకముందే ఆ కేసు కొలతలు, బరువు చెప్పి ఆ ఎయిర్‌లైన్ తీసుకుంటుందని రాతపూర్వకంగా తెప్పించుకోండి. పంపేముందు తీగలు కొంచెం వదులు చేసి, బ్రిడ్జ్ కాళ్ళు ఎక్కడున్నాయో పైచెక్క మీద మెత్తటి పెన్సిల్‌తో సన్నగా గుర్తు పెట్టుకోండి, దిగాక మళ్ళీ అదే చోటికి తేవడానికి.